మిన్నా ఆదివారం బండి

మిన్నా లిఫ్షిట్జ్ రాచెస్టర్‌లో ఇరవై ఆరేళ్ళు బడి బస్సు నడిపింది. ఉద్యోగం మానేసిన ఏడాదికే ఇంకో బండి నెత్తికెత్తుకుంది. దానికి జీతం లేదు. వాళ్ళ యూదుల సమాజ మందిరానికి పన్నెండు మంది పట్టే వ్యాను ఒకటుంది. రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున ఐదున్నరకి, ఊళ్ళో తల్లుల్నీ పెళ్ళాల్నీ అందులో ఎక్కించుకుని మూడు గంటల దూరంలో ఉన్న జైలుకి తీసుకెళ్ళేది. బడి బస్సు రోజుల్లో ఒక పిల్ల దిగుతూ దిగుతూ, "మా నాన్నని చూసి రెండేళ్ళయింది. అక్కడికి బస్సు పోదు" అంది. ఆ మాట మిన్నాకి ముల్లులా గుచ్చుకుంది. అలా మొదలైన పని పంతొమ్మిదేళ్ళు సాగింది.

ఎక్కేవాళ్ళలో యూదులు ఎప్పుడో ఒకరిద్దరు. మందిరంలో కొందరు మొదట్లో ఇది మనకెందుకన్నారు. మిన్నా వాదించలేదు. వాదించే ఓపికుంటే ఆ కాసేపూ పడుకునే మనిషి ఆమె. సీటు కింద ఒక సంచీ ఉండేది. లోదుస్తుల్లో తీగకి తనిఖీ యంత్రం మోగిందనో, చొక్కా రంగు ఖైదీల బట్టల రంగులా ఉందనో గేటు దగ్గర ఆడవాళ్ళని వెనక్కి పంపేస్తారు. అలాంటప్పుడు మార్చుకోడానికి బట్టలు ఆ సంచీలో. వాళ్ళు లోపలికెళ్ళాక ఆమె వ్యానులోనే కూర్చుని ఉడకబెట్టిన గుడ్డు, రొట్టె తిని, మెడ పట్టేసేదాకా కునుకు తీసేది. మళ్ళీ మూడు గంటలు వెనక్కి.

ఆ మార్చిలో వెనక్కొస్తూ ఉండగా కునుకు ఆమెని వ్యాను ఆగి ఉన్నప్పుడు కాకుండా నడుస్తున్నప్పుడు పట్టుకుంది. ఒక్క క్షణం. చక్రం రోడ్డు అంచున గరుకు గీతల మీదికెక్కి గరగరమంది. పక్క సీట్లో ఉన్న ఒడెస్సా గ్రాంట్ మిన్నా చెయ్యి పట్టుకుంది. జైల్లో ఉన్న కొడుకుని చూడ్డానికి పదకొండేళ్ళుగా వస్తున్న మనిషి. వెనకవాళ్ళకి తెలియనివ్వకుండా గొంతు తగ్గించి, "నాతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు మిన్నా. వంకాయ కూర బాగా వండుతావంటగా, ఎలా వండుతావో చెప్పు" అంది. ఊరొచ్చేదాకా ఇద్దరూ వంటలు మాట్లాడుకున్నారు.

ఇంటికొచ్చాక మొగుడు ఆస్కార్‌తో చెప్పింది. "మానేస్తాను. డెబ్భై మూడొచ్చాయి. పన్నెండు మందిని గోతిలో పడేసి నేనేం మొహం పెట్టుకుంటాను?"

"రబ్బీకి చెప్పు. నాకు చెబితే ఏం లాభం? నేను ఎప్పట్నుంచో మానెయ్యమంటూనే ఉన్నాను" అన్నాడు ఆస్కార్.

బుధవారం మందిరానికెళ్ళింది. మందిరం గురువు రబ్బీ నయోమి ముప్పై ఏడేళ్ళ మనిషి, హడావిడి ఎక్కువ. మిన్నా కుర్చీలో కూర్చునేలోపే, "మిమ్మల్నే తలుచుకుంటున్నాను మిన్నా గారూ. జూన్‌లో సన్మానాలు. ఈసారి ముగ్గురిలో మీరొకరు. కమిటీలో ఒక్కరూ కాదనలేదు" అంది. ఆ వెనకే కమిటీ పెద్ద ఫ్రీడా వచ్చి వాటేసుకుని, "మజల్ టోవ్, శుభాకాంక్షలు. చూశావా, ఎప్పటికైనా గుర్తిస్తారని చెప్పలేదూ నీకు?" అంది. చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే మిన్నా తిరిగొచ్చింది.

"చెప్పావా?" అన్నాడు ఆస్కార్ ఇంటికి రాగానే.

"నాకు సన్మానమట."

ఆస్కార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఇంకో పంతొమ్మిదేళ్ళు తప్పదన్నమాట" అన్నాడు.

తీరా చూస్తే సన్మానం పెట్టింది వ్యాను వెళ్ళే ఆదివారమే. "ఒక్క వారం మానెయ్యి, ఏమవుతుంది?" అంది ఫ్రీడా. ఏమవుతుందో మిన్నాకి తెలుసు. పన్నెండు మంది ఇంకో రెండు వారాలు ఆగాలి. అందుకని ఆ పొద్దున కూడా వెళ్ళింది. దారంతా ఒడెస్సా ఆమెని మాటల్లో పెడుతూనే ఉంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఐదు దాటింది. బట్టలు మార్చుకుంది గానీ చెప్పులు మార్చుకోవడం మర్చిపోయింది. ఒడెస్సాని కూడా తనతో హాలుకి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

హాలు నిండుగా ఉంది. కాల్చిన కోడి, బంగాళాదుంప తురుముతో చేసే కూగెల్ వడ్డించారు. అద్దె ఇళ్ళ వాళ్ళ తరఫున ముప్పై ఏళ్ళు పోరాడిన ప్లీడరు మొదట మాట్లాడాడు. ఎంతకీ ఆపలేదు. "ఈయన కేసులెలా గెలిచాడో ఇప్పుడర్థమైంది. అవతలివాళ్ళు నిద్రపోయుంటారు" అన్నాడు ఆస్కార్. మిన్నాకి నవ్వడానికి కూడా ఓపిక లేదు. తర్వాత పేదలకి ఊరికే తిండి గింజలిచ్చే కొట్టు నడిపే ఆమె. ఆ తర్వాత ఫ్రీడా మైకు పుచ్చుకుని, "అలుపెరుగని మన మిన్నా" అంది.

మిన్నా లేచి బల్ల పట్టుకుని నిలబడింది.

"అలుపెరుగని అన్నావు ఫ్రీడా. నాకు అలుపొచ్చి చాలా కాలమైంది. మార్చిలో బండి నడుపుతూ నిద్రపోయాను. ఈవిడ చెయ్యి పట్టుకోబట్టి అందరం ఇళ్ళకి చేరాం. ఇవాళ్టితో నేను మానేస్తున్నాను. రెండు వారాల తర్వాత ఆదివారం ఐదున్నరకి మందిరం వెనక పన్నెండు మంది నిలబడి ఉంటారు. బండి నడపడానికి మనిషి కావాలి. అంతే."

ఆ వెంటనే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత అణకువో చూడండి" అంది ఫ్రీడా మైకులో. చప్పట్లు ఇంకా పెరిగాయి. మిన్నా చేతిలో గాజు ఫలకం పెట్టి ఫొటో తీశారు. ఆమె మాట్లాడింది అందరూ విన్నారు. పట్టించుకున్నవాళ్ళే లేరు.

బయట కారు దగ్గర ఒడెస్సా, "నేను విన్నాను. వెళ్ళి పడుకో" అంది.

"మరి నీ కొడుకో?"

"వాడెక్కడికీ పోడులే" అని ఒడెస్సా నవ్వబోయింది, నవ్వు రాలేదు.

రెండు వారాల తర్వాత ఆదివారం వ్యాను కదల్లేదు. ఆ తర్వాతిదీ అంతే. ఆ రెండు ఆదివారాలూ పొద్దున్నే మిన్నా మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకుంది. నిద్ర పట్టదు, లేవడానికి కాళ్ళు రావు. నేను మళ్ళీ వెళ్తానని చెప్పడానికి ఫోనెత్తితే ఆస్కార్ ఆమె చేతిలోంచి తీసుకుని పెట్టేశాడు. వాళ్ళిద్దరి యాభై ఏళ్ళ కాపరంలో అతనలా చేసింది అదే మొదటిసారి.

రబ్బీ నయోమి ఇంటికొచ్చింది. హడావిడి లేదు. "మీరు మార్చిలో నా దగ్గరికి వచ్చింది ఈ మాట చెప్పడానికే కదూ?" అంది.

"అవును."

"నేను చెప్పనివ్వలేదు."

"చెప్పనివ్వలేదు" అంది మిన్నా. టీ పెడతాననలేదు. రబ్బీ లేచి వెళ్ళిపోయింది. ఆ వారం నుంచి ఒక్కొక్కరి ఇంటికే వెళ్ళి అడగడం మొదలుపెట్టింది. చప్పట్లు కొట్టిన రెండొందల మందిలో ఒక్కడు దొరికాడు. హెర్షెల్ కాట్జ్, పళ్ళ డాక్టరు. అతనూ నెలకొక్క ఆదివారమే అన్నాడు. నెలకి రెండుసార్లు వెళ్ళే బండి ఒక్కసారికి తగ్గింది. ఆ కబురు ఒడెస్సాకి మిన్నాయే చెప్పాల్సి వచ్చింది. ఒడెస్సా "సరే" అంది.

ఆగస్టులో హెర్షెల్ మొదటిసారి వెళ్ళే ముందు మిన్నా ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. దారి, పెట్రోలు, గేటు కాయితాలు అన్నీ రాసుకున్నాడు. "ఇంకొక్కటి. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు ఏడుస్తారట కదా. నేనేం మాట్లాడాలి?" అన్నాడు.

"ఏమీ మాట్లాడకు. రేడియో పెట్టకు. గంట దాటాక రోడ్డు పక్కన పెట్రోలు బంకొస్తుంది, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది. అడక్కుండానే ఆపు. మొహం కడుక్కునొస్తారు."

అతను అదీ రాసుకున్నాడు. మిన్నా లోపలికెళ్ళి బట్టల సంచీ తెచ్చిచ్చింది. అతను దాన్ని ముందు సీట్లో పెట్టబోతే, "సీటు కింద పెట్టు. ముందు సీటు ఒడెస్సాది" అని చెప్పి తలుపేసుకుంది.