తప్పు దొరకని రాతిగుట్ట

నా బ్లాస్టింగ్ సర్టిఫికెట్ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను దాచేపల్లి దగ్గర ఒక సున్నపురాయి గనికి బ్లాస్టింగ్ ఫోర్‌మన్‌గా వేశారు. స్వచ్ఛందంగా రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఫోర్‌మన్ అంటే మైన్స్ మేనేజరుకు కింద, పేల్చే బృందానికి పైన. రాతిలో లోతుగా హోల్స్ వేయించి, మందు నింపించి, ఒక్కో హోల్‌లోంచి పైకొచ్చే సన్నని నారింజరంగు గొట్టాలను కలిపి పేల్పించడం నా పని. దుమ్ము సద్దుమణిగాక ఫోర్‌మన్ ఒక్కడే వెళ్లి చూడాలి. పేలకుండా మిగిలిన హోల్‌ని మిస్‌ఫైర్ అంటాం. అది లేదని అతను చెబితేనే ఆల్ క్లియర్ సైరన్ మోగుతుంది, రాళ్లెత్తే ప్రొక్లెయిన్ పేలిన గుట్ట మీదికి వెళ్తుంది. దాని బకెట్ పళ్లు మిస్‌ఫైర్‌కు తగిలితే డ్రైవర్ కోసం ఎవరూ వెతకక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం షాట్, అంటే పేల్చడం, అయ్యాక చూస్తూ గుట్ట ముందే ఆగిపోయాను. అక్కడి రాతిలో మట్టి సందులెక్కువ. ఎంత బాగా పేల్చినా గదంత బండలు ఒకటో రెండో మిగిలేవి. ఆ రోజు ఒక్కటీ లేదు. కళ్లంలో పరిచిన మిరపకాయల్లా అంతా ఒకే తీరు, ఒకే వాలు. కొత్తగా వచ్చిన మేనేజరుగారు దూరం నుంచే ఫోటో తీసి, "పర్ఫెక్ట్! హెడ్డాఫీసుకు పంపుతున్నా. సైరన్ కొట్టించండి" అన్నారు.

గుట్టంతా తిరిగాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దొరకనికొద్దీ అరికాళ్లకు చెమట పట్టింది. ఇంతలో అవతలి వాలు మీదుగా, మిరపచేలలోంచి కాబోలు, ఒక ఎర్రకుక్క ఎక్కి వచ్చింది. హోల్స్ వెనక వరస దగ్గర ఠక్కున ఆగింది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, తోక ముడిచి, వచ్చిన దారినే పోయింది. దిగి వచ్చి ఆ మాటే చెప్పాను.

"కుక్కకు సర్టిఫికెట్ ఎవరిచ్చారండీ?" అని మేనేజరుగారు నవ్వారు.

ప్రొక్లెయిన్ డ్రైవర్ మస్తాన్‌వలి ఇంజన్ ఆపి కిందికి దూకాడు. "నవ్వండి సార్. అది వెనక్కి పోయిన చోటికి నేను పోను. అన్నా, మళ్లీ ఎక్కి చూడు. మా ఆవిడ నీ పేరు పెట్టి శాపనార్థాలు పెట్టకుండా!"

వెనక వరస దగ్గర రాళ్లు చేత్తో ఒక్కొక్కటే తీశాను. మోచేతి లోతున నారింజ గొట్టం దొరికింది. పేలిన గొట్టం లోపల మసిబారుతుంది. ఇది కొత్తదానిలా శుభ్రంగా ఉంది. అంటే మందంతా నా కాళ్ల కిందే ఉంది. అక్కణ్ణుంచి నడిచి రాలేదు నేను. కూర్చుని, చేతుల మీద జరుగుతూ దిగాను.

మిస్‌ఫైర్‌ని తవ్వకూడదు. గొట్టం బాగుంటే దానికే మళ్లీ కనెక్షన్ ఇచ్చి పేల్చాలి. అందరినీ దూరం పంపి అలాగే చేశాం. గుట్ట చెదిరి రెండు పెద్ద బండలు పైకి తేలాయి. వాటిని చూశాకే నాకు ఊపిరాడింది. మేనేజరుగారు ఫోన్ తీసి ఆ ఫోటో చెరిపేశారు.

లోపం లేని షాట్ ఉండదని అనను. ఉండొచ్చు. కానీ లేని లోపమూ, కనిపించని లోపమూ పైనుంచి ఒకేలా ఉంటాయి. అందుకని రెండోసారి ఎక్కాలి. నేను నేర్చుకున్నది అంతే.

ఇక ఒట్టు సంగతి. ఆ సర్టిఫికెట్‌కు గడువు ఎప్పుడో తీరిపోయింది, కనుక చెప్పేస్తున్నాను: కుక్క లేదు. వెనక వరస దగ్గర వెంట్రుకలు నిక్కబొడుచుకున్నది నాకే, తోక ముడిచిందీ నేనే. ఊరికే భయంగా ఉందంటే మేనేజరుగారు ఆగరని, అక్కడికక్కడే దాన్ని పుట్టించాను. మస్తాన్ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా దాని బాగోగులు అడుగుతాడు. మొన్న ఈనిందని చెప్పాను. ఒక పిల్లను ఇమ్మంటున్నాడు.