పదకొండు ఎముక ముక్కలు

వినికిడి లేని పిల్లల బడిలో ఆమె టీచరు. ఇరవై రెండేళ్లుగా అదే గదిలో, కిటికీకి ఎదురుగా ఎత్తు స్టూలు మీద కూర్చుని పాఠం చెబుతోంది. వెలుగు తన పెదవుల మీద పడాలి, పిల్లలు వాటిని చదువుకోవాలి. అందుకే వాళ్లు సైగల్లో ఆమెకు పెట్టుకున్న పేరు, కింది పెదవిని వేలితో రెండుసార్లు తట్టడం.

ఆ ఏడు వెనక దవడ పన్నొకటి పీకించుకుంది. మూడు వారాలకు గాయం మానిందనుకుంటుండగా, ఒక పొద్దున నాలుకకు ముల్లులా ఏదో తగిలింది. అద్దంలో చూస్తే చిగురులోంచి తెల్లటి మొన. రెండు రోజులకు అదే ఊడి చేతిలోకొచ్చింది.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పన్ను ముక్క కాదే ఇది. ఎముక!"

వారం తిరక్కుండా ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి. పన్ను పీకిన డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి తల పట్టుకుంది.

"ఒకటీ అరా రావడం మామూలేనండీ. ఇన్ని ఎందుకొస్తున్నాయో నాకూ అంతుపట్టడం లేదు."

"నోట్లో గని తవ్విస్తున్నావా ఏంటి?" అన్నాడు భర్త. ఆమెకు నవ్వొచ్చింది కానీ, నవ్వితే నొప్పి.

అసలు చిక్కు బడిలో వచ్చింది. మొన గుచ్చుకోకుండా ఆమె తెలియకుండానే మూతి ఒక పక్కకు లాగి మాట్లాడుతోంది. ముందు వరసలోని అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది: "టీచర్, మీ మాటలు అర్థం కావట్లేదు. మా మీద కోపమా?"

ఆమె వెంటనే పిల్లల ముందు నోరు తెరిచి ఆ మొన చూపించింది. బోర్డు మీద "ఎముక. నొప్పి. కోపం కాదు" అని రాసింది. పిల్లలు బారులు తీరి, కళ్లు ఇంతింత చేసుకుని తొంగిచూశారు. మర్నాటి నుంచి రోజూ పొద్దున అరగంట అద్దం ముందు నిలబడి, ఎంత సలిపినా మూతి తిన్నగా ఉంచి మాట్లాడడం సాధన చేసింది.

పెద్దాసుపత్రి సర్జను చిగురు కోసి శుభ్రం చేయాలన్నాడు.

"నెల్లాళ్లు మాట్లాడకూడదమ్మా."

ఆమె సంచిలోంచి ఒక అట్ట తీసింది. ముక్కలన్నీ దాని మీద అంటించి, పక్కన తేదీలు వేసిపెట్టుకుంది.

"చూడండి డాక్టరుగారూ. మొదటి నాలుగూ వారానికొకటి. తర్వాత మూడూ పదిహేను రోజులకొకటి. ఎనిమిదోది నెలకొచ్చింది, సైజూ తగ్గింది. తగ్గుముఖం పట్టినట్టేగా?"

ఆయన అట్ట మీది తేదీలు వరసగా చదివాడు. మళ్లీ ఎక్స్‌రే తీయించాడు. లోపల ఏ లోపమూ కనబడలేదు.

"మీరన్నట్టే ఆగి చూద్దాం. వాపొచ్చినా, చీము పట్టినా ఆ రోజే రండి. అసలెందుకొచ్చాయో మాత్రం నన్నడక్కండి!"

ఇంకో మూడు వచ్చాయి. పదకొండోది ఇసుక రేణువంత. ఆపైన చిగురులో గాయం పూడుకుపోయింది. కారణం ఎవరికీ తెలియలేదు.

ఏడాది చివర పరీక్షాధికారి వచ్చాడు. ఆమె సైగలేవీ చేయకుండా, మామూలుగా మాట్లాడుతూ ఒక కథ చెప్పింది. పిల్లలు ఆమె పెదవుల్నే చూసి, కథ అయ్యాక తలలు వంచి రాశారు. కాగితాల్లో కథ పొల్లుపోకుండా ఉండడం చూసి ఆయన ఆమె వైపు అనుమానంగా చూశాడు.

"వీళ్లకి నిజంగానే వినబడదా అమ్మా?"

ఆమె నోరారా నవ్వింది.