వీరన్నకు తలంటు పోసిన నరసమ్మవ్వ

పడిందప్పా, పడింది! మా నరసమ్మవ్వ పేరు పత్రికలో అచ్చుపడింది! పొద్దున పోస్టులో పుస్తకం వచ్చినప్పట్నుంచి నాకు కాలు ఒక చోట నిలవడంలే.

అరవైల మొదట్లో నన్ను శాసనాల శాఖలో అసిస్టెంటుగా పెనుకొండ పక్కకు వేసినారు. హిందూపురం దగ్గర గొర్లు మేపే ఇల్లు మాది. ఆ ఇంట్లో మొదటి బీఏ నేనే. దేశ చరిత్ర, సంస్కృతి కోసమే నడిచే ఈ పత్రికలో నా వ్యాసం రావాలని పట్టుదల. మా సూపరింటెండెంటు ముందే చెప్పినాడు, చేత్తో రాసుకొచ్చిన నకలు నమ్మరు, రాతి అచ్చు కావాలని. తడి కాగితం రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే చుట్టూ నల్లగా, అక్షరాలు తెల్లగా లేస్తాయి. అదే అచ్చు.

ధర్మవరం దోవలో ఒక చేని గట్టు మీద వీరగల్లు దొరికింది. ఆవులమంద కోసం పోట్లాడి చచ్చిన వీరుని రాయి. కింద అక్షరాలుండాయి. కానీ తరతరాలుగా పోసిన ఆముదం తోలు మాదిరి పేరుకుపోయింది. తడి కాగితం యాడ అంటుకుంటాది? సోడా నీళ్లు కలుపుతాంటే ఆ చేని అవ్వ నరసమ్మ కొడవలి చేతపట్టుకునే వచ్చింది.

"ఏమబ్బా, మా వీరన్నకు బట్టలుతికే సోడా పోస్తావా? మీ నాయనకు పోస్తావా అట్ల?"

"జిడ్డు పోకుంటే అక్షరం రాదవ్వా. బీఏ చదివినోన్ని, నాకు తెలుసు."

"అయితే మనిషికి మాదిరి తలంటు పొయ్యాల. సీకాయ నేను తెస్తా. నీళ్లు నువ్వు మొయ్యి, బీఏ!"

మోసినా. రుద్దేది ఆమే, తిట్టేది ఆమే. జిడ్డు వదిలి అక్షరాలు తేలినాక, కాగితం పరచబోతే మళ్లా అడ్డం నిలబడింది.

"ఈయప్ప పేరు పుస్తకంలోకి ఎక్కుతాది. నీళ్లు పోసిన నా పేరు?"

"ఎక్కిస్తానవ్వా."

అప్పుడు జరిగింది పక్కకు. అచ్చు బాగా వచ్చింది, వ్యాసమూ పడింది. అవ్వ పేరు మాత్రం లేదు. పూజ చేసేవాళ్ల పేర్లు చరిత్ర కిందికి రావని సంపాదకుడు కొట్టేసినాడు. పోయి చెప్తే అవ్వ ఒకటే మాట అనింది: "మళ్లా రాయి."

రాసినా. అవ్వ పోయినాకా రాసినా. సంపాదకులు మారినప్పుడల్లా రాసినా. ఇప్పుడు పాత వ్యాసాలు తిరిగి వేసేటప్పుడు, కొత్త సంపాదకురాలు నేనడిగిన వాక్యం చేర్చింది: "ఈ శిలను కాపాడి, శుభ్రం చేసినది నరసమ్మ."

నేను నేర్చుకున్నది ఇంతే. రాయి దొరికిన చోటు రాసుకున్నట్టే, దాన్ని చూసుకున్న మనిషి పేరూ రాసుకోవాల. అదీ ఆధారమే.

ఇంకా ఫోన్ చేయాల్సినోళ్లు: హిందూపురంలో మా తమ్ముడు. ధర్మవరంలో నాతో పాటు కాగితాలు మోసిన మా ప్యూను. కదిరిలో "ఇంక ఇడిసిపెట్టప్పా" అని ఎగతాళి చేసిన దోస్తు, వానికి రెండుసార్లు. కొత్తచెరువులో అవ్వ మనవరాలు. ఇప్పుడు వీరన్నకు తలంటు పోసేది ఆమే. ఆమె పేరు ఇంటిపేరుతో సహా అడిగి రాసుకోవాల.