గయలో వదిలేసిన ద్రాక్ష

మా ఊళ్ళో నా అబద్ధాలను పట్టుకోగలిగినవాడు చంద్రరావు ఒక్కడే. మిగతావాళ్ళు నవ్వి ఊరుకుంటారు, లేదా పని ఉందని లేచిపోతారు. చంద్రరావు మాత్రం చివరిదాకా విని, "బావగారూ, అక్కడ కొంచెం తగ్గించండి" అనేవాడు. ఎనభై ఆరు వరదలో మా నాయనమ్మ ట్రంకుపెట్టె యానాం దాకా కొట్టుకుపోయి, సముద్రపు పోటు మీద తాళంతో సహా వెనక్కి వచ్చిందని నేను చెబితే, కాసేపు ఆలోచించి, "పెట్టె వచ్చిందంటే నమ్ముతానండి. తాళం దగ్గరే అనుమానం" అన్నాడు.

అది ఉద్యోగం నేర్పిన బుద్ధి. అతను కాలవ లస్కరుగా చేశాడు. గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ తూముల తలుపులు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి ఆఫీసుకి చెప్పడం అతని పని. ఎగువ రైతు నీళ్ళు చాలడం లేదంటాడు, దిగువ రైతు అసలు రావడమే లేదని తిడతాడు. చంద్రరావు ఇద్దరి మాటా నమ్మకుండా, నీటిమట్టం రాయి మీద అంకె చూసుకుని వచ్చేవాడు. అలాంటివాడి ముందు నా కథలు ఎన్నాళ్ళు నిలుస్తాయి?

మాది ద్రాక్షారామానికీ కోటిపల్లికీ మధ్య కాలవ పక్కనున్న ఊరు. అతని పెరడుకీ మా పెరడుకీ మధ్య వెదురు తడికే అడ్డం. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళావిడ సూర్యకళ కాపరానికి వచ్చిన కొత్తలో నన్ను "అన్నయ్యగారూ" అంది. దాంతో అతనికి నేను బావగారినైపోయాను.

రిటైరయ్యాక ఇద్దరూ టూరు బస్సులో కాశీ వెళ్ళారు. అక్కడి నుంచి గయ. గయలో పిండాలు పెట్టాక ఒక కాయ, ఒక పండు వదిలెయ్యాలి. ఇక జన్మలో వాటిని నోట పెట్టకూడదు. బాగా ఇష్టమైనవే వదలాలని పెద్దలు చెబుతారు. సూర్యకళ వంకాయ, పనసపండు వదిలింది. రెండూ ఆవిడకు ప్రాణం. చంద్రరావు కాకరకాయ, ద్రాక్షపండు వదిలాడు. కాకరకాయ వండిన రోజున ఆ వాసన పడక అతను వీధి అరుగు మీద భోంచేసేవాడు. ఇక ద్రాక్ష. ఎప్పుడో బండి మీద కొన్న పళ్ళు మందు వాసన వేశాయని, అప్పట్నుంచీ అతను వాటి వైపే చూడడు.

ఆ సంగతి తిరిగొచ్చాక నా ముందే బయటపడింది.

"చూశారా అన్నయ్యగారూ, మీ బావగారి భక్తి! ఊరందరికీ నీళ్ళు సరిగ్గా కొలిచిన మనిషి, దేవుడి దగ్గర మాత్రం కొలత తగ్గించారు."

"వదలమన్నారు, వదిలాను. ఇష్టమైందే వదలాలని రూల్ ఎక్కడుంది?" అన్నాడు చంద్రరావు.

"ఆ రూల్ నేను పెడతాను, ఉండండి."

ఆ వారమే ఆవిడ కడియం నర్సరీకి వెళ్ళి ద్రాక్ష మొక్క కొనుక్కొచ్చి, పెరట్లో కుళాయి గట్టు పక్కన పాతింది. పాతి, చేతులు కడుక్కుంటూ మొగుడితో అంది: "పందిరి నిండా గుత్తులు వేలాడాలి. దాని కింద మీకు మంచం వేస్తాను. చూస్తూ పడుకోండి. అప్పుడు తెలుస్తుంది, వదిలెయ్యడమంటే ఏంటో."

తీగ బాగా పెరిగింది. మరీ బాగా పెరిగింది. మా గోదావరి వైపు ఏ మొక్కకైనా మాకు తెలిసిన వైద్యం ఒక్కటే, నీళ్ళు పెట్టడం. ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు పోసేది, చేపలు కడిగిన నీళ్ళు పోసేది, పశువుల ఎరువు వేసేది. కాలవలు కట్టేసే వేసవిలో కూడా లస్కరు పెరట్లో తడి ఆరేది కాదు. తీగ ఆనపపాదులా పందిరంతా కమ్మేసి మా తడిక మీదకి కూడా పాకింది. అరచెయ్యంత ఆకులు. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

నాకు కారణం తెలుసు. నేను రాజమండ్రిలో కాన్వెంటులో చదువుకున్నాను. అక్కడ సిస్టర్ ఫిలోమినా అని ఒకావిడ ప్రార్థనమందిరం వెనక ద్రాక్షతీగను పెంచేది. దసరా సెలవులకు ఇంటికెళ్ళి వచ్చేసరికి అది మోడై ఉండేది. కత్తిరించిన కొమ్మలన్నీ మూల కుప్పగా పడి ఉండేవి. పెద్ద పరీక్షల నాటికి అదే తీగకు గుత్తులు వేలాడేవి. అదే సూర్యకళకి చెప్పాను.

"అమ్మా, దసరా వెళ్ళాక నీళ్ళు తగ్గించి, కొమ్మకు చిగురొచ్చే కళ్ళు నాలుగైదు ఉంచి మిగతాదంతా కొట్టెయ్యాలి. పాత కొమ్మకు కాయదు. కొత్త చిగురుకే పూత."

"పచ్చని తీగకి కత్తి పెట్టమంటారా! మీరు చెప్పారంటేనే నాకు అనుమానం అన్నయ్యగారూ. మీ సిస్టర్ కథ, మీ నాయనమ్మ పెట్టె కథ ఒకలాగే ఉన్నాయి."

చంద్రరావు నవ్వుతూ, "ఈసారి తాళం ఎక్కడుందండి బావగారూ?" అన్నాడు.

అన్నేళ్ళలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అలా పోయింది.

పోయినేడాది ఫాల్గుణంలో సూర్యకళకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరం అనుకున్నారు. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి అంబులెన్సులో తీసుకొచ్చారు.

చంద్రరావు ఏడవలేదు. శ్మశానం నుంచి వస్తూ దారిలో ఆగి, "పెద్ద తూము దించారా?" అని ఎవరినో అడిగాడు. అతను రిటైరై చాలా కాలమైంది. దించారని చెప్పాను. "సరే" అన్నాడు.

తర్వాత అన్నిటికీ సరే. తునిలో ఉండే కూతురు వీరదుర్గ తనతో వచ్చెయ్యమంది, సరే అన్నాడు. తీరా కారెక్కమంటే, పెరట్లో కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత చూద్దామా అంది, దానికీ సరే. మా కోడలు క్యారేజీ పంపితే తినేవాడు. ఒకరోజు పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయామని మాకు రాత్రి తెలిసింది. అతను మధ్యాహ్నమే తినేసి గిన్నె కడిగి ఇచ్చాడు. ఫోను మోగితే చేత్తో పట్టుకుని, ఆగిపోయేదాకా చూసేవాడు. వాన వస్తే తడిసేవాడు. లేచి రమ్మంటే లేచి వచ్చేవాడు.

నేను రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. నా దగ్గరున్న మందు నా కబుర్లే. చిన్నవాటితో మొదలుపెట్టాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పులస ఒకటి ఎగిరి ఆర్టీసీ బస్సులో పడిందనీ, కండక్టరు దానికి హాఫ్ టికెట్ కొట్టాడనీ చెప్పాను.

"అలాగా" అన్నాడు.

మర్నాడు పెంచాను. నిడదవోలు జంక్షన్లో రైలింజను ఒకటి దారి తప్పి, గోదావరి దాటి మన వీధిలోకి వచ్చి, మా గుమ్మం ముందు ఆగి కాఫీ అడిగిందన్నాను.

"అలాగా బావగారూ."

"పంచదార తక్కువ వెయ్యమంది."

"అలాగా."

నాకు భయం వేసింది. అబద్ధం ఎంత పెంచినా అడుగు తగలడం లేదు. నాకూ నోరు పడిపోయినట్టయింది. కొన్నాళ్ళు ఊరికే పక్కన కూర్చుని లేచి వచ్చేవాణ్ణి. 

దసరా వెళ్ళాక ఒక పొద్దున్న, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను: "సంవత్సరీకానికి సూర్యకళ ఫోటో ముందు అరిటాకు వేస్తారు కదా. ఆవిడ తీగ పళ్ళు అందులో పెడితే బాగుండేది. కొట్టేస్తేనే గానీ ఇది కాయదు, చంద్రరావూ. నీళ్ళు కూడా ఆపెయ్యాలి."

"అలాగా" అన్నాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పది రోజులకో ఏమో, తడిక మీంచి చూశాను. పందిరి ఖాళీ. ఎండ నేరుగా నేల మీద పడుతోంది. తీగంతా జానెడు జానెడు మొద్దులు. చంద్రరావు కొమ్మల కత్తెర ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నేను చెప్పినట్టే నీళ్ళు ఆపాడు. చెప్పినట్టే కొట్టేశాడు. నా మాట నమ్మి కాదు. నమ్మకపోవడానికి కూడా ఓపిక లేక.

కార్తీకంలో వీరదుర్గ వచ్చింది. నేరుగా పెరట్లోకి వెళ్ళి నిలబడిపోయింది.

"నాన్నా, అమ్మ తీగ ఏదీ?"

"కొట్టేశానమ్మా."

"ఎవరు కొట్టమన్నారు?"

"మావయ్యగారు."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "మావయ్యా, ఇన్నాళ్ళూ మీ కబుర్లకి నవ్వాం. ఇది కూడా కబురేనా? ఏటిసూతకంలో పచ్చని తీగను నరికించారు! అమ్మ చేత్తో వేసింది ఈ ఇంట్లో ఇదొక్కటే మిగిలింది. సంవత్సరీకానికి వస్తాను. అప్పటికి ఇది ఎండుకట్టెలా ఉందో, నాన్నను తీసుకెళ్ళిపోయి ఈ ఇంటికి తాళం వేస్తాను."

చంద్రరావు, "సరేనమ్మా" అన్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. సిస్టర్ ఫిలోమినా తీగను నేను నిజంగా చూశానా, లేక నేనే కల్పించుకుని ఇన్నాళ్ళూ చెబుతున్నానా అని నాకే అనుమానం వచ్చింది. రోజూ వెళ్ళి కళ్ళద్దాలు సర్దుకుని ఆ మొద్దుల మీదున్న కళ్ళు చూసేవాణ్ణి. గోధుమరంగులో, గట్టిగా, చచ్చినట్టుండేవి. చంద్రరావు నన్ను చూసేవాడు. 

ఒకరోజు అతనే అన్నాడు, "ఈ పక్కది ఉబ్బింది."

ఏడెనిమిది నెలల్లో తనంతట తాను అన్న మొదటి మాట అది. నీటిమట్టం చెప్పినట్టు చెప్పాడు. వెళ్ళి చూశాను. కన్ను పగిలి, దూదిలాంటి నూగులోంచి గులాబీరంగు చిగురు తొంగి చూస్తోంది. వారం తిరిగేసరికి అన్నీ పగిలాయి. ఆ చిగుళ్ళలో ఆవగింజలంత మొగ్గలతో గుత్తులు.

తర్వాత తుపాను వాన పడి సగం పూత రాలిపోయింది. ఆకులకు బూడిద తెగులు పట్టింది. గంధకం పొడి చల్లమన్నాను, చల్లాడు. పిందెలు నిలిచాక గోరింకలు దిగాయి. కోటిపల్లి రేవులో చేపలు వేటాడే సత్తియ్య పాత వల ఒకటి తెచ్చి పందిరి మీద కప్పాడు.

"చేపలకేసే వలండి ఇది. కాయలు తప్పించుకుపోతాయేమో చూసుకోండి లస్కరుగారూ" అని సత్తియ్య నవ్వాడు. చంద్రరావు నవ్వలేదు. వల ఒక మూల జారి ఉంటే లాగి కట్టాడు. అంతే.

సంవత్సరీకం మర్నాడనగా సాయంత్రం తడిక అవతల నుంచి పిలిచాడు. వీరదుర్గ ఇంకా దారిలో ఉంది. పందిరి కింద స్టూలు మీద ఇత్తడి పళ్ళెం, దాన్నిండా గుత్తులు. ఆకుపచ్చగా, కొంచెం పసుపు తిరిగి, పెద్ద గొప్పగా ఏమీ లేవు. ఒక చిన్న గుత్తి మాత్రం విడిగా గిన్నెలో పెట్టాడు.

"పళ్ళెంలోవి ఆవిడకి. ఎంగిలి కాకూడదు. గిన్నెలోది మీరు తిని చెప్పండి" అన్నాడు. "పుల్లగా ఉంటే ఆకులో పెట్టను. నేను చూద్దామంటే, నేను వదిలేశాను కదండి."

ఒక పండు తుంచి నోట్లో వేసుకున్నాను. తోలు దగ్గర కాస్త వగరు. పంటికింద చిట్లగానే లోపలంతా తీపి. నేను బిత్తరపోయాను. 

"తియ్యగా ఉంది" అన్నాను.

చంద్రరావు నా మొహంలోకి చూశాడు. 

"అబద్ధం" అన్నాడు.

ఏడాది నుంచి ఆ మాట కోసమే కూర్చున్నాను. వచ్చింది, అదీ నేను నిజం చెప్పినప్పుడు.

"ఒట్టు, చంద్రరావూ."

"మీ ఒట్లు నాకు తెలుసండి. ఆవిడ కోసమని చెబుతున్నారు. కొంచెం తగ్గించి చెప్పండి."

"తగ్గించడానికేం లేదు. తియ్యగా ఉంది."

"ఎలాంటి తీపి? చెరుకులాగానా? సపోటాలాగానా?"

రెండూ కాదన్నాను. మంచులో నానిన తాటిముంజెలా అన్నాను. అదీ కాదు, కొబ్బరినీళ్ళలో తేనె కలిపినట్టన్నాను. నా జన్మలో ఎన్నో కోతలు కోశాను గానీ, ఆ పండు రుచి ఒక్కటి అతనికి చెప్పలేకపోయాను. ఏది చెప్పినా అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. చివరికి తనే ఒక పండు తుంచాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని లోపలి గింజ చూశాడు. వాసన చూశాడు. పెదవుల దాకా తీసుకెళ్ళాడు.

అక్కడ ఆగాడు. 

"తినాలనుందండి బావగారూ."

"తినెయ్. గయ ఎక్కడ, మనమెక్కడ?"

"గయకి తెలియదండి. ఆవిడకి తెలిసిపోతుంది."

పండుని గిన్నెలో పెట్టాడు.  పందిరి వైపు చూశాడు, సత్తియ్య వల వైపు, దాని కింద మిగిలిన ఆకుల వైపు.

"చూశారా, ఎంత పంతం పట్టిందో" అన్నాడు. "మంచం వేస్తానంది. నిజంగానే..."

 కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ముందుకు వంగి, తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. నేను పక్కనే కూర్చున్నాను. ఏ కథా చెప్పలేదు. వీధిలో కారు ఆగిన చప్పుడైంది, వీరదుర్గ గొంతు వినిపించింది.

చంద్రరావు తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకుని, గిన్నె నా వైపు జరిపాడు.

"ఇంకోటి తినండి బావగారూ. ఈసారి నెమ్మదిగా. నేను చూస్తాను."