లోపలి వైపు మంచు

మంచుకొండల మీది ఆర్మీ పోస్టులో దిగేసరికి మధ్యాహ్నం. ఎండ ఉంది, వేడి లేదు. రెక్కలు ఆపకుండానే హెలికాప్టర్ నన్ను దించి వెళ్లిపోయింది. భుజాన రైఫిల్, వీపున కిట్. బంకర్ కళ్ల ముందే ఉంది, అయినా దారిలో రెండుసార్లు కూర్చున్నాను. మా తిరుమలగిరిలో కదిలే బస్సును పరిగెత్తి పట్టుకునేవాణ్ని.

అక్కడ నాతో కలిపి తెలుగువాళ్లం ముగ్గురం. మెడిక్‌ది బన్సీలాల్‌పేట్. రేడియో ఆపరేటర్‌ది తెనాలి వైపు. మెడిక్, నేను చాయ్ కోసమే సైన్యంలో చేరామని ఆపరేటర్ ఏడిపించేవాడు.

మొదటిరోజే మెడిక్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఊపిరితిత్తి ఉత్త సంచి కాదన్నా. లోపట కోట్ల బుడగలుంటయ్. వాటి గోడ మస్తు పల్చగ, ఎప్పుడూ తడిగ ఉంటది. గోడ అవతలనే నెత్తురు పారుతది. గాలి ఆ గోడ దాటి నెత్తురుల కలవాలె. ఈడ గాలి సుత తక్కువనే. బుడగలల్ల నీళ్లు చేరితే ఇగ అది సుత లోపటికి పోదు."

అందుకే రోజూ పొద్దున అందరం అతని ముందు నిలబడి పేరు, నంబరు, ఊరు ఒకే ఊపిరిలో చెప్పాలి. మధ్యలో ఊపిరి తెగినవాణ్ని కిందికి పంపేస్తారు. ఆపరేటర్ ఒక్కడికే మినహాయింపు. ఆ వేళకు రేడియో సెట్ దగ్గర ఉండేవాడు, పైగా అతని గొంతు రోజంతా వింటూనే ఉంటాం.

"పోస్ట్ ఓకే. ఓవర్." రేడియోలో మాట పొట్టిగానే ఉండాలి. అతని మాటలు ఇంకా పొట్టివయ్యాయి. కింద బేస్ వాళ్లు మెచ్చుకున్నారు కూడా.

ఒక ఉదయం "పోస్ట్" అని ఆగిపోయాడు. మెడిక్ అతని వీపుకు చెవి ఆనించి విన్నాడు. లోపల నీళ్ల చప్పుడు. ఎందుకు దాచావని అడిగాడు.

"నేను దిగితే... సెట్టు... ఎవరు చూస్తారు?"

మబ్బు పట్టింది. హెలికాప్టర్ రాలేదు. అతన్ని ప్రెషర్ బ్యాగులో పడుకోబెట్టాం. మనిషి పట్టే గాలి సంచి అది. ముఖం దగ్గర చిన్న ప్లాస్టిక్ కిటికీ. కాలితో పంపు తొక్కుతూనే ఉండాలి, ఆపితే లోపల గాలి పలచబడుతుంది. వంతులవారీగా తొక్కాం. కిటికీ మీద ఆవిరి పట్టేది, చెదిరేది. అది కదులుతున్నంతసేపు నాకు భయం లేదు.

మర్నాడు హెలికాప్టర్ చప్పుడు విని బ్యాగును బయటికి మోశాం. ఆ చలికి కిటికీ మీది ఆవిరి మంచైపోయింది. ముఖం కనిపించలేదు. నేను తొక్కుతూనే ఉన్నాను. హెలికాప్టర్ దిగాక మెడిక్ జిప్ తీసి చూశాడు. నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇగ చాలన్నా," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అక్కడి గడువు, ఆ తర్వాత సర్వీసూ ముగిసి తిరుమలగిరి వచ్చేశాను. ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక షాపు ముందు సెక్యూరిటీ డ్యూటీ. అక్కడ ఎట్లుండేనని ఎవరైనా అడిగితే, చలి అంటాను. వాళ్లకు అది సరిపోతుంది.

నాకు మాత్రం ఆ కిటికీయే కనిపిస్తుంది. ఆ రోజు పంపు తొక్కుతూనే వంగి, అతని ముఖం చూద్దామని మంచును గోటితో గీకాను. రాలేదు. అది లోపలి వైపు ఉంది.