అక్క తొక్కిన బ్రేకు

మొన్న ఆదివారం మార్కాపురంలో మా మనవడు ఇంటి ముందు కారును జాకీ మీద లేపి, చక్రాలు ఊడదీసి, అరిగిపోయిన బ్రేకు డిస్కులు తీసేసి కొత్తవి బిగించుకున్నాడు. మెకానిక్కు దేనికి, ఫోనులో చూసి నేనే చేస్తానని వాడి పంతం. కాఫీ ఇవ్వడానికి వెళ్లిన నేను అక్కడే అరుగు మీద కూలబడి చూస్తూ ఉండిపోయాను. పనిలో పనిగా బ్రేకు నూనె కూడా మారుస్తున్నానంటే, మరి గొట్టాల్లో గాలి తీయడానికి పెడలు ఎవరు తొక్కుతార్రా అని అడిగాను. ఎవరూ అక్కర్లేదు నానమ్మా, ఇదుంది అని చేతిలో ఇమిడే చిన్న పంపు చూపించాడు. నా కళ్లలో నీళ్లెందుకు తిరిగాయో వాడికి అర్థం కాలేదు. నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుందేమో.

రాచర్ల పక్క పల్లె నుంచి నేను గిద్దలూరుకు కోడలిగా వచ్చేనాటికి రాష్ట్రం కొత్తది, మా తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. కోర్టు పనికైనా, కలెక్టరాఫీసుకైనా, పెద్దాసుపత్రికైనా నల్లమల ఘాటు దాటి నంద్యాల మీదుగా పోవలసిందే. అందుకే మా బావగారు, అంటే మా ఆయన అన్న, సేద్యం తమ్ముడికి వదిలేసి ఒక పాత కారు కొని బాడుగకు తిప్పేవారు. ఘాటు మలుపుల్లో బ్రేకులు ఇట్టే అరిగిపోయేవి. అప్పట్లో డిస్కులెక్కడివి, చక్రాల్లో డ్రమ్ములు, వాటి లోపల అరిగే పట్టీలు. ఘాటు దిగేది నేనైతే బ్రేకు ఇంకొకడి చేతిలో ఎందుకు పెట్టాలని, ఆ పట్టీలు ఆయనే ఇంటి పెరట్లో మార్చుకునేవారు.

ఆ తర్వాత గొట్టాల్లో గాలి తీయడానికి కావలసిన రెండో మనిషి ఆయన భార్య, మా తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని. మా అత్తగారి ఇంట్లో పట్టపగలు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడమంటే పెద్ద తప్పు. మా ఆయన నన్ను పేరు పెట్టి పిలవడానికి ఎన్నేళ్లు పట్టిందో చెబితే మీరు నవ్వుతారు. బ్రేకు పని రోజున మాత్రం పెరటి తలుపు మూసి, అక్క డ్రైవరు సీట్లో కూర్చునేది. ఆడది ఆడ కూసునేదేందని అత్తగారు సణుగుతూనే ఉండేది. కారు కింద వెల్లకిలా పడుకున్న బావగారు "తొక్కు" అనేవారు. అక్క తొక్కి పట్టేది. ఆయన చిన్న మర వదులు చేస్తే బుడగలతో నూనె కారేది. మర మళ్లీ బిగించి "వదులు" అనేదాకా కాలు తీయకూడదు, తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. "ఇంగా మెత్తగుంది" అనేది అక్క. మళ్లీ తొక్కు, మళ్లీ వదులు. పెడలు గట్టిపడిందని అక్క చెబితేనే పని అయినట్టు. గట్టిపడినాక కూడా ఆమె కావాలనే మెత్తగుందని చెప్పేదని నా అనుమానం. వంటింటి గుమ్మంలో నిలబడి నేను సైగలతో ఆటపట్టిస్తే, పెదవి కొరుక్కుని నవ్వేది.

అక్క పుట్టిల్లు ఘాటుకు అవతల, నంద్యాల దారిలో ఒక పల్లె. ఒక్కసారి ఆ కారులో పోయి అమ్మ వాకిట్లో దిగాలని ఆమె కోరిక. "ఈ తూరి బ్రేకులు కాంగానే పోదాం" అని బావగారు ప్రతిసారీ అనేవారు. బ్రేకులు బాగుపడగానే ఎవరో ఒకరు బాడుగకు వచ్చేవారు, అక్క రైలెక్కి పోయొచ్చేది. అలిగేది కూడా కాదు. అలగదేమని నాకు ఒళ్లు మండేది.

ఒక వానాకాలం ఆమెను జ్వరం పట్టుకుని వదల్లేదు. ఊళ్లో డాక్టరు సూదులు వేసి వేసి, చివరికి నంద్యాల తీసుకుపొమ్మన్నాడు. వెనక సీట్లో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. ఘాటు దిగుతుంటే ప్రతి మలుపులోనూ కళ్లు తెరవకుండానే కుడికాలు తలుపుకు అదిమిపెట్టేది. ఒకచోట కళ్లు తెరిచి, బ్రేకు పని లేని రోజున మొదటిసారిగా, నా ముందరే ఆయన్ను పలకరించింది.

"బ్రేకులు బాగుండాయా?"

"నువ్వు తొక్కినవే గదా, గట్టిగుండాయి. నువ్వు పండుకో."

పుట్టింటి ఊరికి తిరిగే దారి దగ్గర బావగారు కారు నిదానం చేసి, "వచ్చేటప్పుడు దిగుదాంలే" అన్నారు. అక్క తలూపింది.

వచ్చేటప్పుడు కారు నిజంగానే ఆ వాకిట్లో ఆగింది. కడసారి చూపు వాళ్లమ్మకు దక్కాలి కదా. ఆ తల్లి కారు తలుపు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ తర్వాత ఒకసారి బ్రేకు పనికి మా ఆయన సీట్లో కూర్చున్నారు. బావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటే నాకు లేదు, ఇక పెడలు తొక్కడం ఎక్కడ! "గట్టిపడిందా?" అని కింద నుంచి బావగారు అడిగితే, "ఏమో అన్నా, నాకేం తెలుస్తాది?" అన్నారు మా ఆయన. బావగారు చాలాసేపు కారు కింద నుంచి బయటికి రాలేదు. ఆ ఎండాకాలంలోనే కారు అమ్మేశారు, మళ్లీ ఏ బండీ కొనలేదు.

మనవడు పని ముగించి, ఒక్కడే కూర్చుని పెడలు తొక్కి చూసుకున్నాడు. మంచిదే. ఇప్పుడు ఆసుపత్రులు దగ్గరకొచ్చాయి, మొగుడూ పెళ్లాలు ఎవరికీ వెరవకుండా మాట్లాడుకుంటున్నారు. ఇందులో సగం దక్కినా అక్క బతికేదేమో. మొగుడితో ఇంకో నాలుగు మాటలు ఆడడానికి, గట్టిపడిన పెడలును ఇంకా మెత్తగుందని చెప్పే అవసరం ఇప్పుడు ఏ ఇల్లాలికీ లేదు. సంతోషమే. అయినా ఆ అబద్ధం ఇంకొక్కసారి వినాలని ఉంది నాకు.