బంతిలా ఎగిరిన హెల్మెట్

ఆ ఆదివారం ఆరాధనలో వాక్యం చదువుతూ ఒకే వచనాన్ని రెండుసార్లు చదివాను. వేదిక దిగుతుంటే ఎడమ కాలు మెట్టుకు తట్టుకుంది. ఇంటికొచ్చాక మా ఆవిడ సువార్త, "ఏవండీ, పొద్దున మీ ఎడమ కాలి చెప్పు కూడా జారిపోయింది. తలనొప్పిగా ఉందా ఏంటి?" అంది.

"ఏం లేదులే, నిద్ర చాలక."

అది అబద్ధం. నెల క్రితం పటమటలో ఆటో తగిలి స్కూటర్ మీంచి పడ్డాను. హెల్మెట్ డివైడర్‌కు కొట్టుకుని, దాంతోపాటు నా తల బంతిలా వెనక్కి ఎగిరింది. ఒంటి మీద గీత పడలేదు. ఆ వారమే సంఘం ముందు నిలబడి, దేవుడు నాకు చిన్న దెబ్బ కూడా తగలనివ్వలేదని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. పది రోజులకు తలనొప్పి మొదలైంది. బయటపెడితే దేవుని పేరున చెప్పిన సాక్ష్యం అబద్ధమవుతుందని, చాటుగా మాత్రలు మింగాను.

సువార్త నమ్మలేదు. పాస్టరు గారికి ఫోను చేసింది. ఆయన కారు తీసుకొచ్చి, "ప్రార్థన దారిలో చేసుకుందాం బ్రదర్, ముందు ఎక్కండి" అన్నారు.

సీటీ స్కాన్‌లో సబ్‌డ్యూరల్ హెమటోమా అని తేలింది. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరుతోందట.

"దెబ్బేం తగల్లేదండీ. హెల్మెట్ కూడా చెక్కు చెదరలేదు" అన్నాను.

"లోపల థర్మోకోల్ ఉందా?" అని అడిగారు డాక్టరు గారు.

లేదు. చెమట పడుతోందని నేనే పీకేశాను.

"అదీ సంగతి. అది నలిగుంటే దెబ్బలో ఉన్న ఎనర్జీ చాలావరకు అక్కడే ఖర్చయ్యేది. మీది నలగలేదు, ఎగిరింది. తల ఒక్కసారిగా వెనక్కి తిరిగింది, లోపల మెదడు మాత్రం ముందుకే పోయింది. ఆ లాగుడుకు మధ్యలో ఉన్న సన్నని రక్తనాళాలు తెగి, ఇన్నాళ్లుగా రక్తం కొద్దికొద్దిగా చేరుతూ వచ్చింది. నలిగిన హెల్మెట్ చూసి మీరు భయపడతారు. మాకు ఎగిరిన హెల్మెట్టంటేనే భయం."

"ఇంకో రెండ్రోజులు దాచుంటే, ఈయన సాక్ష్యం నేను చెప్పాల్సొచ్చేది" అంది సువార్త.

ఆ సాయంత్రమే పుర్రెకు చిన్న రంధ్రం పెట్టే బర్ హోల్ ఆపరేషన్ చేసి, రక్తం బయటికి పోయేందుకు డ్రెయిన్ గొట్టం పెట్టారు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. కొన్నాళ్లు ఎడమ చేతిలో గ్లాసు నిలిచేది కాదు. రెండు నెలలు ఫిజియోథెరపీ చేయించుకున్నాను.

ఇప్పుడు నడుస్తున్నాను. ఫిట్స్ మాత్ర వాడుతున్నాను, బండి నడపడం లేదు. సంఘంలో మళ్ళీ నిలబడి, మొదట చెప్పింది నా తొందరపాటని, దేవుడు నన్ను డాక్టర్ల చేతులతో కాపాడాడని ఒప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒకామె లేచి, తన భర్త కూడా బండి మీంచి పడ్డాడని, తలనొప్పి సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడని ఏడ్చింది. మర్నాడే అతనికి స్కాన్ తీయించారు.

తలకు దెబ్బ తగిలాక, వారాలు గడిచి తలనొప్పి వచ్చినా సరే, దాచకుండా ఆసుపత్రికి వెళ్ళండి. స్కాన్ తీయించుకున్నాక సాక్ష్యం చెప్పినా దేవుడు వింటాడు.